గుర్రపు జీన్ల షాపులో గిరాకీ పడిపోయినప్పుడు: సేల్ బోర్డు పెట్టే ముందు

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ. ఆరేళ్లుగా జీన్లు, కళ్ళేలు, గుర్రపు సామాను అమ్మే షాపు నడుపుతున్నారు. ఏడాదిగా కొత్త జీన్ల అమ్మకం దాదాపు ఆగిపోయింది. స్టాండ్ల మీద పన్నెండు జీన్లు అలాగే కూర్చున్నాయి. ఇద్దరు పనివాళ్లు ఉన్నారు, ఒకరు కౌంటర్లో, ఇంకొకరు వెనక కుట్టుపని బల్ల దగ్గర. కుట్టుపని ఆయన్ని మానిపించి జీతం మిగుల్చుకోవాలా, పెద్ద డిస్కౌంట్ సేల్ పెట్టాలా, చవక సరుకు తెప్పించాలా, అప్పు తెచ్చి ఈ ఏడాది గట్టెక్కాలా అని అడిగారు.

నేను ఇరవై ఆరేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. 2009లో ఒకసారి, 2020లో ఒకసారి షాపుకి తాళం వేసే దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మొదటిసారి మీరు ఇప్పుడు ఆలోచిస్తున్న పనుల్లో మూడు చేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. కుట్టుపని ఆయన్ని మానిపించకండి. ఒకరి జీతం తగ్గించక తప్పదనుకుంటే కౌంటర్లో మీరే నిలబడండి. వినడానికి తలకిందులుగా ఉంటుంది, ఎందుకంటే అమ్మకం జరిగేది కౌంటర్లో కదా. కానీ చేతిలో డబ్బు లేనప్పుడు గుర్రం ఉన్నవాళ్లు ఏం చేస్తారో గమనించండి. కొత్త జీను కొనడం వాయిదా వేస్తారు, స్వారీ మాత్రం మానరు. పాత జీనునే ఇంకో రెండేళ్లు లాగుదామనుకుంటారు. అలా లాగాలంటే పట్టీ మార్చాలి, కుట్టు వేయించాలి, అడుగు మెత్తల్లో నింపిన ఊలు సర్దించాలి. షాపు ముందు వైపు రావలసిన డబ్బు వెనక గదిలోకి మళ్లుతుంది. ఆ గదిలో మనిషి లేకపోతే అది పక్క ఊరి బల్ల మీదకి పోతుంది.

ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని చాలామంది షాపువాళ్లు పట్టించుకోరు. కష్టకాలంలో గుర్రం వీపు మారిపోతుంది. యజమాని పని ఎక్కువై స్వారీ తగ్గిస్తాడు, శిక్షణ క్లాసులు మానేస్తాడు, దాణా రకం మారుస్తాడు. పని తగ్గిన గుర్రానికి వెన్ను రెండు వైపులా ఉండే కండ కరుగుతుంది. అప్పటిదాకా సరిగ్గా కూర్చున్న జీను ముందుకి దిగి మూపు మీద ఆనుతుంది. ఇంకొన్ని గుర్రాలు పని లేక పచ్చిక మేసి గుండ్రంగా తయారవుతాయి, వాటికి అదే జీను రెండు పక్కలా నొక్కుతుంది. రెండు సందర్భాల్లోనూ యజమాని చేసే పని ఒకటే, మందపాటి ప్యాడ్ ఒకటి కొని కింద వేస్తాడు. దిగిన జీనుకి కొన్నాళ్లు అది సర్దుబాటు అవుతుంది. నొక్కే జీనుకి మాత్రం ఇరుకు బూట్లలో రెండు జతల మేజోళ్లు తొడిగినట్టే, నొప్పి పెరుగుతుంది. గుర్రం పట్టీ బిగించేటప్పుడు చెవులు వెనక్కి వేయడం, ఎక్కగానే వీపు కుంగదీయడం మొదలుపెడుతుంది. యజమాని దాన్ని మొండితనం అనుకుంటాడు.

అలాంటివాడికి ప్యాడ్ అమ్మి పంపితే ఆ రోజు చిన్న లాభం. వెళ్లి గుర్రాన్ని చూసి, జీను వేసి, ముందు భాగానికీ మూపుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో, అడుగు మెత్తలు వీపుకి సమంగా ఆనుతున్నాయో లేదో చూసి, ఊలు తీసి నింపి ఇస్తే ఆ మనిషి మీ మనిషి అవుతాడు. ఊలు నింపిన జీన్లతో సౌకర్యం ఇదే, గుర్రం మారితే మెత్తనీ మార్చవచ్చు. ఫోమ్ మెత్తలున్నవాటితో అంత వీలుండదు. పైగా కొత్తగా నింపిన ఊలు కొన్ని నెలల్లో అణిగిపోతుంది, మళ్లీ చూడాలి. మామూలు వాడకంలో ఉన్న జీనుని ఏడాదికి కనీసం ఒకసారి, వీలైతే రెండుసార్లు చూపించుకోమని ఎలాగూ చెప్తాం. కాబట్టి ఇది తిరిగి తిరిగి వచ్చే పని. మీ పుస్తకంలో ఉన్న పాత కస్టమర్లందరికీ 'మీ గుర్రం ఈమధ్య సన్నబడిందా, లావెక్కిందా, ఒకసారి జీను చూడమంటారా' అని ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, ఫోన్. 2009లో నన్ను నిలబెట్టింది ఈ ఫోన్లే. ముప్పై మందికి చేస్తే పదకొండు మంది రమ్మన్నారు. వాళ్లలో తొమ్మిది మందికి ఏదో ఒక పని పడింది. చూసినందుకు రుసుము తీసుకోండి, ఏడాదిలోపు మీ దగ్గర జీను కొంటే ఆ రుసుము బిల్లులో తగ్గిస్తానని చెప్పండి. ఉచితంగా చూస్తే మీ మాట విని, కొలతలు రాసుకుని, ఆన్‌లైన్‌లో చవగ్గా కొనుక్కునేవాళ్లే ఎక్కువ.

ఇక ఆ పన్నెండు జీన్లు.

ఈ వ్యాపారంలో డబ్బు ఎక్కడ గడ్డకట్టుకుపోతుందో ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఇంగ్లీషు జీనుకి సీటు కొలత అంగుళాల్లో ఉంటుంది. 16 నుంచి 18 దాకా అరంగుళం తేడాతో ఐదు సైజులు. వెడల్పులో ఇరుకు, మధ్యస్థం, వెడల్పు అని మూడు. అడ్డంకుల మీంచి దూకే పోటీలకు, డ్రెస్సాజ్‌కి (గుర్రాన్ని క్రమబద్ధంగా, లయగా నడిపించే పోటీ), అన్నిటికీ పనికొచ్చేది అని మూడు రకాలు. నలుపు, గోధుమ అని రెండు రంగులు. అన్నీ హెచ్చవేస్తే తొంభై జీన్లు. ఒక్కో రకానికి ఒక్కటి చొప్పున పెట్టుకోవాలన్నా తొంభై కావాలి, అంత పెట్టుబడి ఎవరి దగ్గరుంటుంది? అందుకే మనం ఊహించి కొంటాం. ఊహ తప్పినవి మూలన కూర్చుంటాయి. 2008లో గిరాకీ బాగుందని, పది కొంటే ధర తగ్గిస్తామన్నారని, నేను ఒకేసారి పది కొన్నాను. వాటిలో ఏడు ఇరుకు వెడల్పువి. ఆ తర్వాత నా దగ్గరకి వచ్చిన గుర్రాల్లో సగం పైన వెడల్పు వీపువే. చివరి జీను అమ్మేసరికి నాలుగేళ్లు పట్టింది. నాలుగేళ్లలో ఆ తోలుకి నేను రాసిన కండిషనర్ ఖర్చు కూడా రాబట్టుకోలేదు.

అన్నట్టు, అమ్ముడుపోని జీన్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఉంటే ఈరోజే తీసేయండి. గాలి ఆడకపోతే తేమకి బూజు పడుతుంది. పలుచటి నూలు గుడ్డ కప్పితే చాలు. నూనె కూడా అతిగా పట్టించకండి, పొడిబారిందేమోనని మాటిమాటికీ రాస్తే తోలు సాగి మెత్తబడుతుంది, రంగు నల్లబడుతుంది. కొత్త వస్తువు కొత్తగా కనిపించదు.

ఇప్పుడు సేల్ సంగతి. షాపంతా ఇరవై శాతం తగ్గింపు అని బోర్డు పెడదామనుకుంటున్నారు. మీకు వందకి అమ్మే వస్తువు అరవైకి పడుతుందనుకుందాం, నలభై మిగులుతుంది. ఎనభైకి అమ్మితే మిగిలేది ఇరవై. అంటే నిన్నటి లాభమే రావాలంటే ఇవాళ రెండింతలు అమ్మాలి. జనం దగ్గర డబ్బే లేని రోజుల్లో రెండింతలు ఎవరు కొంటారు? పైగా సబ్బు, పగ్గాలు, హాల్టర్లు, కాళ్ల పట్టీలు లాంటివి ఎలాగూ కొనేవాళ్లు కొనేవే. వాటి మీద తగ్గించడమంటే చేతిలో ఉన్న లాభాన్ని ఊరికే పంచిపెట్టడం. తగ్గించాలంటే కదలని జీన్ల మీద మాత్రమే తగ్గించండి, అదీ గట్టిగా. కొని పద్దెనిమిది నెలలు దాటినవి కొన్న ధరకే ఇచ్చేయండి. నష్టం అనిపిస్తుంది, నిజమే. కానీ ఆ డబ్బు రెండేళ్ల కిందటే పోయింది, ఇప్పుడు వచ్చేది జీతాలకీ అద్దెకీ పనికొచ్చే రొక్కం. ఇంకో దారి ఏమిటంటే, సరఫరాదారుణ్ణి అడిగి కదలని సైజుకి బదులు ఇంకో సైజు మార్చుకోవడం. వాళ్లకీ అదే టెన్షన్ ఉంటుంది, చాలామంది ఒప్పుకుంటారు. బకాయి గడువు దాటాక కాకుండా, దాటకముందే ఫోన్ చేసి అడగాలి. ఇకముందు కొత్తవి తెప్పించేటప్పుడు ముందు భాగంలో వెడల్పు మార్చుకునే వీలున్న జీన్లు చూడండి. పైన వేసిన లెక్కలో మూడు వెడల్పులు ఒకటై తొంభై కాస్తా ముప్పై అవుతుంది.

బల్ల పని దగ్గరకి మళ్లీ వస్తాను, ఎందుకంటే అసలు తప్పు అక్కడే జరుగుతుంది. రిపేరుకి మనవాళ్లు తీసుకునే డబ్బు చూస్తే నవ్వొస్తుంది. 'చిన్న కుట్టే కదా' అని కస్టమర్ అంటాడు, మనమూ అదే అనుకుంటాం. రికాబు పట్టీ మీద రెండు అంగుళాల కుట్టు ఊడిందనుకోండి. పాత దారం పీకాలి, రంధ్రాలు శుభ్రం చేయాలి, దారానికి మైనం పట్టించాలి, రెండు సూదులు ఎక్కించి ఒకే దారంతో రెండు వైపుల నుంచీ కుట్టుకుంటూ రావాలి. అంగుళానికి ఎనిమిది కుట్లు. ఆ కుట్టు గొప్పదనం ఏమిటంటే ఒకటి తెగినా పక్కవి పట్టుకుని ఉంటాయి, మెషిన్ కుట్టులా వరసగా జారిపోదు. దాని మీద మనిషి బరువు పడుతుంది, తెగితే గుర్రం మీది నుంచి మనిషి పడతాడు. అంత బాధ్యత ఉన్న పనికి టీ ఖర్చు తీసుకుంటే ఎలా? ఒక నెల పాటు మీ కుట్టుపని ఆయన్ని ప్రతి పనికీ పట్టిన సమయం రాయమనండి. ఆయన జీతం, షాపు అద్దెలో బల్ల వాటా, దారం, తోలు, బకిల్స్ అన్నీ కలిపి గంటకి ఎంత పడుతుందో తేల్చండి. దాన్ని బట్టి ధరల పట్టిక రాసి గోడకి అంటించండి. నేను అలా రాసినప్పుడు నా పాత రేట్లు అసలు ఖర్చులో సగం కూడా లేవని తెలిసింది. రేట్లు పెంచితే ఇద్దరు కస్టమర్లు అలిగారు, ఒకాయన తర్వాత తిరిగి వచ్చాడు.

రిపేరుకి తీసుకున్నప్పుడే సగం డబ్బు తీసుకోండి. కష్టకాలంలో జనం వస్తువు ఇచ్చి తిరిగి రారు. ఒక దశలో నా వెనక గదిలో కుట్టి సిద్ధం చేసిన సామాను పద్నాలుగు సంచులు పేరుకుపోయింది.

రిపేరు కోసం వచ్చిన ప్రతి జీనునీ అడక్కపోయినా తిరగేసి చూడాలి. పొట్ట పట్టీ తగిలించే తోలు పట్టీల రంధ్రాలు సాగాయా, అవి లోపల పట్టుకునే చోట కుట్టు నలిగిందా, రికాబు పట్టీలు రెండూ ఒకే పొడవున్నాయా. ఎప్పుడూ ఎడమవైపు నుంచే ఎక్కుతారు కాబట్టి ఎడమ పట్టీ ఎక్కువ సాగుతుంది. అప్పుడప్పుడు ఎడమది కుడికి మార్చమని చెప్పండి. అలా చెప్తే కొత్త జత అమ్ముడయ్యే అవకాశం పోతుంది కదా అని మా షాపులో కుర్రవాడు అడిగాడు. పోతుంది. కానీ ఆ మాట విన్నవాడే వచ్చే నెల పొట్ట పట్టీ మార్చాలంటే మారు మాట్లాడకుండా మారుస్తాడు.

పాత జీన్లు అమ్మిపెట్టడం మీకు ఇప్పుడు బాగా పనికొస్తుంది. డబ్బు అవసరమైనవాళ్లు జీను అమ్ముకోవాలనుకుంటారు, కొనేవాళ్లు కొత్తది వద్దు పాతది చాలనుకుంటారు. మధ్యలో మీరుంటే పెట్టుబడి లేకుండా వాటా వస్తుంది. వస్తువు ఎవరిదో, ఎన్నాళ్లు ఉంచాలో, అమ్ముడుపోకపోతే ధర ఎప్పుడు ఎంత తగ్గించాలో, మీ వాటా ఎంతో ముందే కాగితం మీద రాసుకోండి. ఎదుటివాళ్ల డబ్బు మీ గల్లాపెట్టెలో కలపకండి. అమ్మిన వారంలోనే ఇచ్చేయండి. ఇబ్బందుల్లో ఉన్నప్పుడు ఆ డబ్బు అద్దెకి వాడేయాలనిపిస్తుంది, అక్కడే షాపుల పేరు పోతుంది.

జీను తీసుకునే ముందు లోపలి చట్రం చూడాలి. దాన్నే మనం ట్రీ అంటాం కదా, మామూలుగా కర్రతో చేసి ఉక్కు పట్టీలతో బిగిస్తారు. అది విరిగితే జీను పని అయిపోయినట్టే, బాగుచేయించే ఖర్చుకి ఇంకోటి వస్తుంది. ముందు భాగం రెండు కొసలూ చేతులతో పట్టుకుని లోపలికీ బయటికీ నొక్కండి, కదిలినా కిర్రుమన్నా వద్దనండి. తర్వాత వెనక భాగాన్ని కడుపుకి ఆనించి, ముందు భాగాన్ని మీవైపు లాగి చూడండి. కాస్త స్ప్రింగులా సాగి తిరిగి రావడం మామూలే, సీటు మధ్యలో ముడత పడి మడత పడ్డట్టు వంగితే మాత్రం అనుమానించాలి. ఒకసారి మూతపడుతున్న ఒక స్వారీ శిక్షణ కేంద్రం నుంచి ఇరవై జీన్లు గుత్తకి కొన్నాను. చీకటి పడుతోందని నాలుగైదు చూసి మిగతావి లారీలో వేసుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే ఆరింటికి ట్రీ విరిగి ఉంది. అడిగితే మీరు చూసుకునే కొన్నారు కదా అన్నారు. నిజమే, నేనే చూడలేదు. ఆ ఆరింటి పట్టీలు, బకిల్స్, తోలు విప్పి రిపేర్లకి వాడుకున్నాను.

హెల్మెట్లు మాత్రం పాతవి ఎవరు ఎంత బతిమాలినా తీసుకోకండి. ఒకసారి పడ్డ హెల్మెట్ లోపల నలిగినా పైకి తెలియదు. దాని చరిత్ర మీకు తెలీదు.

చవక సరుకు గురించి అడిగారు. చవకవన్నీ చెడ్డవి కావు. సింథటిక్ జీన్లు తేలిగ్గా ఉంటాయి, నీళ్లతో కడగవచ్చు, పిల్లలకీ శిక్షణ కేంద్రాలకీ చక్కగా సరిపోతాయి. నాకు అభ్యంతరం తోలు పేరుతో వచ్చే నాసిరకం మీద. బకిల్ పట్టుకునే చోట తోలుని వంచి చూడండి. పైపొర చిన్న చిన్న ముడతలుగా లేచి వదులవుతోందంటే అది బరువు పడే చోట పనికిరాదు. అలాంటి కళ్ళేలు అమ్మితే మూడు నెలల్లో మీ బల్ల మీదకే తిరిగొస్తాయి, ఉచితంగా కుట్టమని.

అరువు. శిక్షణ కేంద్రాలు పెద్ద ఖాతాలు కదా అని నెలల తరబడి అరువు ఇస్తాం. నా దగ్గర అలా ఒక కేంద్రానికి ఏడు నెలల బాకీ పేరుకుంది. ఒక ఉదయం వెళ్లేసరికి గేటుకి తాళం. అప్పటి నుంచి ముప్పై రోజులు దాటితే కొత్త సరుకు లేదు, రిపేరు చేసిన వస్తువు డబ్బు కట్టాకే. ఆర్డరిచ్చి చేయించుకునే వస్తువుకి సగం ముందే. మొహమాటపడకండి.

వేరే తోలు వస్తువులు చేద్దామా అని చివర్లో రాశారు. ఈ వృత్తి చరిత్రలో అది కొత్తేమీ కాదు. మోటారు బండ్లు వచ్చి గుర్రపు బండ్లు తగ్గిపోయినప్పుడు ఇంగ్లండ్‌లోని వాల్సాల్ పట్టణంలో జీన్లు, బండి గుర్రాల సామాను చేసేవాళ్లు చాలామంది బ్యాగులు, పర్సులు, బెల్టుల వైపు మళ్లారు. అక్కడి ఫుట్‌బాల్ జట్టుని ఇప్పటికీ 'జీన్లవాళ్లు' అనే ముద్దుపేరుతోనే పిలుస్తారు. 1837లో పారిస్‌లో బండి గుర్రాల సామాను చేసే వర్క్‌షాపుగా మొదలైన ఎర్మెస్ కూడా ఇరవయ్యో శతాబ్దంలో అదే కుట్టుని చేతిసంచుల మీదకి తెచ్చింది. ఇవి విని ఉత్సాహపడి బ్యాగుల వర్క్‌షాపు పెట్టేయకండి. మీ దగ్గర ఉన్నవి ఒక బల్ల, రెండు చేతులు. కుక్కల పట్టీలు, బెల్టులు, తెగిన బ్యాగు హ్యాండిళ్లు చాలు, అవీ మిగిలిన తోలు ముక్కలతో, గుర్రపు పని లేని రోజుల్లోనే. పోటీల సీజన్‌లో కుక్క పట్టీ కుడుతూ కూర్చుంటే పాత కస్టమర్ పోతాడు.

అప్పు సంగతి. ముందు పదమూడు వారాల కాగితం ఒకటి వేయండి. ఒక్కో వారం వచ్చే డబ్బు ఎంత, పోయేది ఎంత. వచ్చేదాన్ని రాసేటప్పుడు కొత్త జీన్ల అమ్మకం సున్నా అని వేసుకోండి. అలా వేసినా రిపేర్లు, చిన్న సామాను, పాత జీన్ల వాటాతో అద్దె, జీతాలు గడుస్తుంటే అప్పు అక్కర్లేదు. రెండు మూడు వారాలు మాత్రమే తరుగు పడుతుంటే ఆ తరుగుకి సరిపడా తీసుకోండి. పదమూడు వారాలూ తరుగే అయితే అప్పు ఆ తరుగుని పెంచుతుంది. అప్పుడు చిన్న షాపుకి మారడం గురించి షాపు అద్దెకిచ్చినాయనతో మాట్లాడాలి. నేను 2020లో ముందు గది వదిలేసి వెనక గదిలోనే పదకొండు నెలలు నడిపాను. జనం పక్క సందులోంచి వచ్చేవారు.

ఆ పన్నెండు జీన్ల సీటు సైజు, వెడల్పు, రకం, కొన్న నెల వరసగా రాసి పంపండి. ముందు ఏవి వదిలించుకోవాలో, ఏవి ఉంచుకోవాలో చూసి చెప్తాను. ఫోమ్ మెత్తలవి ఎన్నో కూడా రాయండి.